పంద్రాగస్టున మొదలై, ఇంటికి ఆలస్యంగా వచ్చినవి

పిన్ కోడ్, కలర్ టీవీ, ఇంటర్నెట్. మనం రోజూ వాడుకునే ఈ మూడింటికీ మన దేశంలో పుట్టినరోజు ఒక్కటే, ఆగస్టు 15. సంవత్సరాలే వేరు. పిన్ కోడ్ 1972లో వచ్చింది. దేశమంతటికీ రంగుల టీవీ ప్రసారం 1982లో మొదలైంది. మామూలు జనానికి ఇంటర్నెట్ 1995లో అందుబాటులోకి వచ్చింది. వీటన్నిటికంటే ముందు, 1969లో, అదే రోజున ఇస్రో ఏర్పడింది. మనకేమో పంద్రాగస్టు అంటే స్కూల్లో జెండా, తెల్ల యూనిఫారం, చేతిలో పెట్టే రెండు చాక్లెట్లు.

ఈ తేదీలన్నీ ఒక కాగితం మీద రాసుకుని చూస్తే నాకు ఒకటే అనిపించింది. ఢిల్లీలో ప్రారంభోత్సవం జరిగిన తేదీ వేరు, ఆ వస్తువు మన గడప దాటి లోపలికి వచ్చిన తేదీ వేరు. ముందు గదిలోంచి వంటింటి దాకా రావడానికి మళ్ళీ ఇంకొన్నేళ్ళు. పుస్తకాల్లో మొదటి తేదీనే ఉంటుంది. మిగతా రెండు తేదీలు ఎవరూ రాయరు కాబట్టి నేను రాద్దామని కూర్చున్నాను.

అసలు అన్నీ ఒకే రోజున ఎందుకు వచ్చాయి? కాకతాళీయం మాత్రం కాదు. పూర్తిగా కాకతాళీయమైనది ఒకటుంది, 1854 ఆగస్టు 15న హౌరా నుంచి హుగ్లీకి నడిచిన రైలు. తూర్పు భారతంలో ప్రయాణికుల కోసం నడిచిన మొదటి రైలు అదే, 24 మైళ్ళ ప్రయాణం. అప్పటికి ఆ తేదీకి ఏ విశేషమూ లేదు. మిగతావన్నీ ప్రభుత్వం ముహూర్తం చూసి పెట్టినవే. కొత్త పథకం ఏదున్నా ఎర్రకోట మీద జెండా ఎగిరే రోజుకి కుదిర్చితే నిండుగా ఉంటుంది కదా.

మరి స్వాతంత్ర్యానికి ఆ తేదీ ఎలా వచ్చిందని వెతికితే, అక్కడా ఒక రేడియో ప్రసారం ఉంది! 1945 ఆగస్టు 15 మధ్యాహ్నం జపాన్ చక్రవర్తి హిరోహితో గొంతు రేడియోలో వినిపించింది. యుద్ధం చాలిస్తున్నామని చెప్పిన ప్రసంగం అది. అప్పటి వరకూ ఆ దేశంలో సామాన్యులు తమ చక్రవర్తి గొంతు విని ఎరగరు. ఆయన నేరుగా మైకు ముందు మాట్లాడలేదు కూడా. ముందు రోజు రాత్రే రాజభవనంలో గ్రామఫోను రికార్డు చేశారు. లొంగిపోవడం ఇష్టంలేని కొందరు సైనికాధికారులు తిరగబడి, ఆ రికార్డుల కోసం రాత్రంతా భవనమంతా గాలించారు. దొరకలేదు. మర్నాడు మధ్యాహ్నం అవి ప్రసారమయ్యాయి.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్నది ఇంకో సంగతి. చక్రవర్తి మాట్లాడింది ఆస్థానంలో వాడే పాత భాష. దానికితోడు రేడియోలో గరగర. లొంగిపోతున్నాం అన్న మాట ఆయన సూటిగా అననే లేదు. విన్నవాళ్ళలో చాలామందికి ఏమీ అర్థం కాలేదట. తర్వాత అనౌన్సరు మామూలు మాటల్లో వివరించాల్సి వచ్చింది. బీఏలో చిన్నయసూరి గ్రాంథికం చదువుకున్నదాన్ని, వాళ్ళ అవస్థ నేను ఊహించుకోగలను. ఇంట్లో మగపిల్లలు యుద్ధానికి పోయి తిరిగి వస్తారో రారో తెలియని తల్లులు, ఆ గ్రాంథికంలో తమ బతుకు ఏమైందో వెతుక్కుంటూ రేడియో ముందు నిలబడి ఉంటారు.

ఆ రోజుల్లో ఆగ్నేయాసియాలో మిత్రరాజ్యాల సైన్యానికి అధిపతి మౌంట్‌బాటన్. రెండేళ్ళ తర్వాత మన దేశానికి చివరి వైస్రాయిగా వచ్చినప్పుడు, అధికార బదిలీకి జపాన్ లొంగిపోయిన తేదీనే ఎంచుకున్నానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఆ రోజు మంచిది కాదని జ్యోతిష్కులు అభ్యంతరం చెప్పారని, అందుకే 14వ తేదీ అర్ధరాత్రి సభ పెట్టారని అంటారు. ఆయనకి కలిసొచ్చిన రోజు మనకి పండగ రోజైంది. ప్రభుత్వానికి ప్రారంభోత్సవాల రోజూ అయింది.

ఇక మన ఇళ్ళలోకి వద్దాం. ముందు పిన్ కోడ్.

దాన్ని తయారుచేసిన ఆయన పేరు శ్రీరామ్ భికాజీ వేలంకర్. కేంద్రంలో కమ్యూనికేషన్ల శాఖలో పెద్ద అధికారి. ఆయన సంస్కృత కవి కూడా, నాటకాలూ రాశారు. సంస్కృతంలో రాసే మనిషి దేశం మొత్తానికి భాషతో పనిలేని చిరునామా ఇచ్చారన్నది తెలిసినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. భాషలు బాగా తెలిసినవాళ్ళకే భాషతో వచ్చే చిక్కు కూడా బాగా తెలుస్తుందేమో.

చిక్కు ఏమిటో మన ఊళ్ళ పేర్లు చూస్తే చాలు. కొత్తపల్లి అని ఉత్తరం మీద రాస్తే ఏ కొత్తపల్లి? రామాపురాలు, కొత్తూళ్ళు, వెంకటాపురాలు మన రెండు రాష్ట్రాల్లో లెక్కపెట్టడం ఎవరి తరం? అందుకే పాత ఉత్తరాల మీద ఊరి పేరు కింద ‘వయా’ అని ఇంకో ఊరు, దాని కింద తాలూకా, దాని కింద జిల్లా ఉండేవి. రైల్లో కూర్చుని ఉత్తరాలు వేరుచేసే ఆర్‌ఎంఎస్ ఉద్యోగులు ఇవన్నీ నోటికి పట్టాల్సిందే. ఉత్తరం మన జిల్లాలోనే తిరిగితే ఫరవాలేదు. తెలుగులో రాసిన చిరునామా నాగపూర్ దాటిందంటే చదివే దిక్కు ఉండదు. అక్కడివాళ్ళు రాసిన చేతిరాత ఇక్కడా అంతే.

ఆరు అంకెలతో ఆ చిక్కు తీరింది. మొదటి అంకె జోను. దేశం మొత్తాన్ని తొమ్మిది జోన్లు చేశారు, ఎనిమిది ప్రాంతాలకి, తొమ్మిదోది సైన్యానికి. తెలుగువాళ్ళమూ కన్నడిగులమూ 5లో ఉన్నాం. మొదటి మూడు అంకెలు కలిపితే ఉత్తరాలు వేరుచేసే జిల్లా. చివరి మూడు, ఉత్తరం పంచే పోస్టాఫీసు. 533 అనగానే తూర్పు గోదావరి వైపు సంచీలో పడుతుంది, 001 చూసి కాకినాడలో దిగుతుంది. 505001 అంటే కరీంనగర్. ఇవాళ దాదాపుగా తెలంగాణ అంతా 50తో, ఆంధ్రప్రదేశ్ అంతా 51, 52, 53లతో మొదలవుతాయి. రాష్ట్రం రెండయినప్పుడు బోర్డులన్నీ మారాయి గానీ మన పిన్ కోడ్లు మార్చుకోవాల్సిన పని రాలేదు.

ఈ అంకెల వల్ల ఆడవాళ్ళకి జరిగిన మేలు ఎవరూ ప్రత్యేకంగా చెప్పినట్టు లేదు. అబ్బాయి భిలాయిలోనో బొంబాయిలోనో ఉద్యోగం చేస్తుంటే, తల్లికి తెలుగు రాయడం వచ్చినా ఇంగ్లీషులో చిరునామా రాయడం రాదు. ఉత్తరం అంతా తను రాసుకుని, చిరునామా కోసం పక్కింటి హైస్కూలు కుర్రాణ్ణి బతిమాలాలి. వాడు ఊరి పేరులో అక్షరం ఎగ్గొట్టినా ఆమెకి తెలియదు. అంకెలు మాత్రం అందరివీ. ఇన్లాండ్ కవరు మీద అచ్చేసిన ఆరు గళ్ళలో ఆరు అంకెలు చూసి దింపడం, బజారు లెక్కలు రాసుకునే ఏ ఇల్లాలికైనా వచ్చు. తెలుగు అంకెలు వాడకంలోంచి పోయాయని తెలుగు చదివినవాళ్ళం బాధపడుతుంటాం కానీ, ఇక్కడ మాత్రం ఆ పోవడమే ఆమెకి పనికొచ్చింది.

మా అత్తయ్యకి ఇప్పుడు డెబ్భై ఆరేళ్ళు. మొన్న ఏదో ఫారం నింపుతూ, "అత్తయ్యా, మనింటి పిన్ కోడ్ చివర మూడా, ఎనిమిదా?" అని అడిగాను.

"నాకేం తెలుసమ్మా? మనింటికి మనం ఉత్తరాలు రాసుకుంటామా ఏమిటి?" అన్నారు.

పుట్టింటిది అడిగితే మాత్రం తడుముకోకుండా ఆరు అంకెలూ చెప్పారు. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు, అమ్మేసి ఇరవై ఏళ్ళయింది. 1972లో వాళ్ళ ఊళ్ళో ఎవరికీ పిన్ కోడ్ సంగతి తెలియదట. ఐదారేళ్ళ తర్వాత వాళ్ళ తమ్ముడు ఒక కార్డు మీద ఎర్ర సిరాతో ఆ నంబరు రాసి పంపి, ‘అక్కా, ఇకమీదట ఇది తప్పకుండా వేయి, ఉత్తరం రెండు రోజులు ముందొస్తుంది’ అన్నాడట. అత్తయ్య లెక్కలో పిన్ కోడ్ వచ్చింది అప్పుడు. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళని అడిగి చూడండి. ఉత్తరాలు రాసిన తరం ఆడవాళ్ళలో చాలామందికి కాపురం ఉన్న ఇంటి నంబరు కన్నా పుట్టింటి నంబరే బాగా వచ్చి ఉంటుంది.

ఉత్తరాలు పోయాయి, పిన్ కోడ్ మిగిలింది. ఇప్పుడు చీర కొనాలన్నా మిక్సీ కొనాలన్నా ఫోన్లో ముందు అడిగేది ఆ ఆరు అంకెలే. అంత కచ్చితంగా నింపినా డెలివరీ కుర్రాడు ఫోన్ చేసి "ఆంజనేయస్వామి గుడి పక్క సందేనా ఆంటీ?" అని అడగడం మానలేదనుకోండి.

కలర్ టీవీ కథ చెప్పాలంటే మూడేళ్ళు వెనక్కి, 1969కి వెళ్ళాలి. మనుషులు చంద్రుడి మీద కాలుపెట్టి నెల కూడా నిండకముందు, ఆగస్టు 15న ఇస్రో ఏర్పడింది. ఇస్రో అంటే మనకి శ్రీహరికోట, రాకెట్టు, కౌంట్‌డౌను. దాన్ని మొదలుపెట్టిన విక్రమ్ సారాభాయ్ మనసులో ఉన్నది మాత్రం పల్లెటూళ్ళకి టీవీ. కరెంటు తీగె, రోడ్డు సరిగ్గా లేని ఊరికి కూడా ఆకాశంలోంచి పాఠం పంపవచ్చని ఆయన ఆలోచన. ఆయన 1971 డిసెంబరులో పోయారు, అది జరగడం చూడలేదు.

జరిగింది 1975 ఆగస్టు 1న. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఉపగ్రహాన్ని ఒక్క ఏడాదికి మనకి వాడుకోనిచ్చింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకి టీవీలు పెట్టారు. ఆ ఆరింట్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదులో తయారయ్యేవి. ఊళ్ళో పెట్టిన ఆ యాంటెన్నా గొడుగు దేంతో చేశారో తెలుసా? కోళ్ళ గూళ్ళకి చుట్టూ కట్టే ఇనుప వలతో! అంతరిక్షంలోంచి వచ్చే బొమ్మని పట్టుకోవడానికి మన పెరట్లో ఉండే సామానే సరిపోయింది. చవగ్గా, అక్కడికక్కడే బాగుచేసుకునేలా ఉండాలని అలా చేశారట. నాకు రాకెట్ల కన్నా ఆ కోళ్ళ వలే ఎక్కువ గొప్పగా అనిపిస్తుంది.

ఉదయం గంటన్నర స్కూలు పిల్లలకి, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకి. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పిల్లలకి ఏం పెట్టాలి అన్న విషయాలు. అయితే టీవీ ఉన్నది బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో. సాయంత్రం పూట అంటే పొయ్యి వెలిగించే వేళ. పొలం నుంచి వచ్చిన మగవాళ్ళు వెళ్ళి అరుగు మీద కూర్చోగలరు. పసిపిల్లకి ఏం తినిపించాలో చెప్పే కార్యక్రమం వచ్చే వేళకి, ఆ పిల్లకి అన్నం కలుపుతున్న తల్లి ఇంట్లోంచి కదిలేదెట్లా? వేళ కుదిర్చినవాళ్ళు ఒక పూట వంట చేసి ఉంటే బాగుండేది. ఏడాది నిండగానే ఉపగ్రహం గడువు తీరింది, నాసా దాన్ని వెనక్కి జరిపేసుకుంది.

మన సొంత ఉపగ్రహం ఇన్సాట్-1ఎ 1982 ఏప్రిల్ 10న పైకి వెళ్ళింది. ఆ ఏడాది ఆగస్టు 15న దేశమంతా ఒకేసారి చూసే జాతీయ కార్యక్రమం, దాంతోపాటు రంగులు మొదలయ్యాయి. నవంబరులో ఢిల్లీలో ఆసియా క్రీడలు, వాటిని రంగుల్లో చూపించాలన్న తొందర. బీద దేశానికి రంగుల టీవీ ఏమిటని అప్పట్లో చాలా గొడవ జరిగింది. దానికి పట్టుబట్టి నిలబడ్డ మంత్రి వసంత్ సాఠే. ఇంకో విచిత్రం, ప్రసారాలు మొదలై నెల తిరక్కుండానే, సెప్టెంబరు 6న, ఇన్సాట్-1ఎ పనికిరాకుండా పోయింది. తర్వాతి ఏడాది ఆగస్టు 30న అమెరికా వాళ్ళ ఛాలెంజర్ నౌకలో వెళ్ళిన ఇన్సాట్-1బి నిలబడింది. 1984లో కొన్ని నెలలపాటు దాదాపు రోజుకొక ట్రాన్స్‌మిటర్ చొప్పున పెట్టుకుంటూ పోయారు. మన చిన్న పట్నాలకి టీవీ వచ్చింది ఆ ఊపులోనే.

1982 నాటికి నేను ఇంకా సరిగ్గా నడక కూడా రాని పిల్లని. మా వీధిలోకి మొదటి టీవీ వచ్చింది ఆ తర్వాత నాలుగేళ్ళకి, అదీ బ్లాక్ అండ్ వైటే. చెక్క పెట్టె, దానికి రెండువైపులా జరిపే తలుపులు, తాళం. శుక్రవారం చిత్రలహరికి వీధి వీధంతా ఆ ఇంటి హాల్లో చాప మీద. ఆ పిన్నిగారు విసుక్కోకుండా అందరికీ మంచినీళ్ళు ఇచ్చేవారు. ఆవిడ ఒక్కరోజు కూడా మొత్తం చూసి ఎరగరని ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది.

కొన్నాళ్ళకి బజార్లో రంగుల ప్లాస్టిక్ తెర ఒకటి వచ్చింది, గుర్తుందా మీకు? టీవీ అద్దం మీద తగిలించేది. పైన నీలం, మధ్యలో ఎరుపు, కింద ఆకుపచ్చ. ఆకాశం నీలంగా, గడ్డి పచ్చగా కనిపిస్తుందని ఆశ. వార్తలు చదివే ఆవిడ జుట్టు నీలంగా, చీర ఆకుపచ్చగా ఉండేది. అయినా అందరం ‘కలర్ టీవీ’ అనే అనేవాళ్ళం.

మా ఇంట్లోకి నిజం కలర్ టీవీ వచ్చింది 1993లో, సంక్రాంతికి. పదకొండేళ్ళు పట్టింది. పెట్టింది హాల్లో, అమ్మ ఉండేది వంటింట్లో. రామాయణం అప్పటికే అయిపోయింది, అది పక్కింట్లో చూశాం. అమ్మ మా టీవీని చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. పోపు వేస్తూ అక్కడ్నుంచే "ఇప్పుడు ఏడుస్తోంది ఎవరే, పెద్ద కోడలా?" అని అడిగేది. ఏ రంగు చీర కట్టుకుందో చెప్పమనేది. ఆ చీరల రంగులు నేను కేకేసి చెప్పేదాన్ని. మధ్యాహ్నం సీరియళ్ళు వచ్చాక గానీ, అంటే ఇంట్లో మిగతావాళ్ళు లేని వేళకి కార్యక్రమాలు వచ్చాక గానీ, అమ్మ కూర్చుని రంగులు చూడలేదు. సీరియళ్ళని ఎంత తిట్టినా ఈ ఒక్క మాట వాటి తరఫున చెప్పాలి, ఇల్లాలు కూర్చునే వేళ ఏదో కనిపెట్టి, ఆ వేళకి వచ్చినవి అవే.

1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ మొదలైంది. దానికి రెండు వారాల ముందే, జులై 31న, కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న మంత్రి సుఖ్‌రామ్‌కి దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ చేశారు. అది తేదీ తప్పిపోయింది కాబట్టి వదిలేద్దాం. అంతకు ముందు ఇంటర్నెట్ కొన్ని చదువుల సంస్థలకీ పరిశోధకులకీ మాత్రమే ఉండేది. విదేశ్ సంచార్ నిగమ్, అదే వీఎస్‌ఎన్‌ఎల్, డబ్బు కట్టిన ఎవరికైనా ఇస్తామంది. మొదట బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు. ఆ నాలుగింట్లో హైదరాబాదు లేదు. కనెక్షను కావాలంటే ముందు ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉండాలి, దానికేమో ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టు. కంప్యూటరు, మోడెమ్ కొనుక్కోవాలి. నెట్ కలిపితే ఇంటికి ఫోన్ రాదు.

వేగం సెకనుకి 9.6 కిలోబిట్లు. ఇది ఎంతో ఊరికే తెలియదు కాబట్టి లెక్క వేశాను. మనవడి ఫొటో ఒకటి, 3 ఎంబీలది, ఇవాళ మన ఫోన్లోకి కళ్ళు మూసి తెరిచేలోగా వస్తుంది. ఆ వేగంతో అయితే నలభై నిమిషాలు పైనే పడుతుంది. కుక్కర్ పెట్టి, పప్పు ఎనిపి, చారు కాచి వచ్చినా ఇంకా నుదురు దాకానే కనిపిస్తూ ఉంటాడు.

ఇల్లాళ్ళకి అసలు అడ్డం వేగమూ కాదు, ఖర్చూ కాదు. అక్షరం. ఇంటర్నెట్టులో తెలుగు కనిపించేది కాదు. అమెరికాలో చదువుకుంటున్న తెలుగు పిల్లలు 90ల మొదట్లోనే దీనికి ఒక దారి వెతికారు. రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆ పద్ధతిని ఆర్‌టీఎస్ అనేవారు. తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాలతో రాయడమే, కానీ కట్టుదిట్టంగా. చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. మల్లెలో చిన్నవి రెండు, పెళ్ళిలో పెద్దవి. తెలుగు ఉచ్చారణ మీద ప్రాణం ఉన్నవాళ్ళు చేసిన పని అది. నాలాంటి తెలుగు బీఏలకి ముచ్చటగా ఉంటుంది. కానీ ఇంగ్లీషు బడి ముఖం చూడని అమ్మకి అది అక్కరకు రాదు. కొడుకు అమెరికా నుంచి ఈమెయిల్ పంపితే, నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి, దాన్ని ప్రింటు తీయించి, నాన్నో తమ్ముడో ఇంటికి తెచ్చి చదివి వినిపించాలి. పోస్ట్‌మ్యాన్ ఉత్తరం చదివి పెట్టిన కాలానికీ దీనికీ ఏమిటి తేడా?

1998లో ‘ఈమాట’ పత్రిక వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. యూనికోడ్ అక్షరాలు, మామూలు కంప్యూటర్లో తెలుగు ఫాంటు వచ్చాక, ‘లేఖిని’ అనే పేజీలో ఇంగ్లీషు మీటలు కొడితే పక్కన తెలుగు పడేది. ఆర్‌టీఎస్ తెలిసినవాళ్ళు చూస్తే పోల్చుకుంటారు, ఆ చిన్న ఎల్, పెద్ద ఎల్ బుద్ధే ఇందులోనూ ఉంది. మధ్యాహ్నం పిల్లలు బడికి వెళ్ళాక, భర్త ఆఫీసుకి వెళ్ళాక, ఇంట్లో కంప్యూటరు ఖాళీగా ఉండే రెండు గంటల్లో ఎందరో ఆడవాళ్ళు తెలుగులో రాయడం మొదలుపెట్టింది అప్పుడే. వంటలు రాశారు, పుట్టింటి తోట గురించి రాశారు, ఎవరికీ చెప్పుకోని కోపాలు రాశారు. వాళ్ళ లెక్కలో ఇంటర్నెట్ వచ్చింది 1995లో కాదు, దాదాపు పదేళ్ళ తర్వాత.

టైపు చేయడం రానివాళ్ళకి ఇంకా ఆలస్యం. చవక డేటా, చేతిలో ఫోను, వాట్సాప్‌లో మైకు బొమ్మ ఇవన్నీ కలిశాక మా అత్తయ్య డల్లాస్‌లో ఉన్న మనవరాలికి రోజూ గొంతు పంపిస్తున్నారు. అక్షరాన్నే పక్కన పెట్టేసి వెళ్ళిపోయారు ఆవిడ.

అయితే మన ఇళ్ళు చూసి అందరికీ అందిందని అనుకోకూడదు. 2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక ప్రశ్న అడిగారు, ఎప్పుడైనా, ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడారా అని. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ వాళ్ళలో, దేశం మొత్తం మీద అవునన్న మగవాళ్ళు 57.1 శాతం, ఆడవాళ్ళు 33.3 శాతం. మన దగ్గర ఆడవాళ్ళలో ఇంకా తక్కువ. తెలంగాణలో మగవాళ్ళు 57.4, ఆడవాళ్ళు 26.5. ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్ళు 48.8, ఆడవాళ్ళు 21. సాఫ్ట్‌వేర్ అంటే మనమే అని చెప్పుకునే రాష్ట్రాలివి! 1995 పంద్రాగస్టు గడిచి పాతికేళ్ళయినా ఆంధ్రాలో ఐదుగురు ఆడవాళ్ళలో నలుగురి దాకా అది చేరలేదు. ఇంట్లో ఫోను ఉండదా అంటే ఉంటుంది, ఎవరి జేబులో ఉంటుందన్నదే ప్రశ్న.

మా ఇంట్లో పనికి వచ్చే ఆమెకి ముప్ఫై ఎనిమిదేళ్ళు. గ్యాస్ బండ ఆమె పేరు మీదే ఉంది. సిలిండరు తెచ్చినవాళ్ళకి చెప్పాల్సిన అంకెలు మాత్రం భర్త ఫోనుకి వస్తాయి. ఆయన సెంట్రింగ్ పనికి వేరే ఊరు వెళ్ళి ఫోను ఎత్తకపోతే, గుమ్మం దాకా వచ్చిన సిలిండరు వెనక్కి పోయింది. రెండు రోజులు కట్టెల పొయ్యి మీద వండుకుంది. ఆ తర్వాత తనే ఒక ఫోను కొనుక్కుని, సిమ్ము తీసుకుని, ఏజెన్సీకి వెళ్ళి తన నంబరు వేయించుకుంది. మొన్న మా ఇంట్లో గిన్నెలు తోముతుండగా మెసేజ్ వచ్చింది, చెయ్యి తుడుచుకుని నాలుగంకెలూ తనే చదివి చెప్పింది.

ఇది రాసేటప్పుడు ఆమె తేదీ కూడా వేద్దామని, నంబరు ఏ రోజున మార్పించుకున్నావని అడిగాను.

"తేదీ ఎవరికి గుర్తమ్మా? శనివారం. ఆ రోజు మీ ఇంటికి ఆలస్యంగా వచ్చానే, అదే" అంది.